వంతెన మీద ఆగిన బస్సు

నాకు నిద్ర పట్టదు. పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. పడిపోయిన ఎడమ చెయ్యి, కాలు దారికొచ్చాయి గానీ రాత్రుళ్లు కంటి మీద కునుకు లేదు. అలాంటివాణ్ని పట్టుకుని పగలంతా నిద్రపోతున్నానంటుంది మా ఆవిడ.

ఈ ఇంట్లో ఏదో జరుగుతోంది. టీ ఇస్తుంది, నోట్లో పోసుకుంటే చల్లారిపోయి ఉంటుంది. వేడివేడిగానే ఇచ్చానని దబాయిస్తుంది. నా చేతిలోని పేపరు మడతపెట్టి బల్ల మీద ఉంటుంది, ముక్కు మీది కళ్లజోడు దాని పక్కన ఉంటుంది. మొన్న పక్కింటాయన మాట్లాడుతూ మాట్లాడుతూ చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోయాడు. అంత మర్యాద తెలియని మనిషనుకోలేదు.

దీని వెనక ఏముందో నాకు తెలుసు. ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపినవాణ్ని. సోమవారం డిపోలో కాగితం ఇస్తే మళ్లీ స్టీరింగు చేతికొస్తుంది. డాక్టరు తన సంతకం పెట్టేశాడు. పగటిపూట మెలకువగా ఉంటున్నాడని ఇంట్లోవాళ్లు కూడా పెట్టాలి. ఈవిడ పెట్టదు. నన్ను ఇంట్లో కట్టిపడేయాలని చూస్తోంది. ఎవరు నూరిపోశారో!

చివరికి మా కండక్టర్ని పిలిపించింది. పధ్నాలుగేళ్లు నా బస్సులో టికెట్లు కొట్టినవాడు. ఇద్దరూ వంటింట్లో గుసగుసలాడుకుని వచ్చారు. కుమ్మక్కయ్యారని అప్పుడే అనుకున్నాను. వాడు నా కుర్చీ వెనక స్టూలు వేసుకుని, మన రూటు నోటితో నడపమన్నాడు. ఆఖరి స్టాపు చేరితే వదిన సంతకం పెట్టేస్తుందట.

ఓస్, ఇంతేనా అన్నాను. పంతొమ్మిది స్టాపులు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కళ్లజోడు పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను. మా ఆవిడ పొగలు కక్కుతున్న టీ పక్కన పెట్టింది. కిటికీలోంచి ఎండ కాళ్ల మీద పడుతోంది.

"రైట్ రైట్" అన్నాడు వాడు.

డిపో. పోస్టాఫీసు. ఆడపిల్లల బడి, అక్కడ స్పీడు తగ్గించాలి. ఆస్పత్రి. మార్కెట్టు. ప్రతి స్టాపుకీ వాడు రైట్ అంటున్నాడు. వంతెన ఎక్కాను. ఎడమవైపు రెయిలింగు వంగి ఉంటుంది, కాస్త కుడికి పట్టుకోవాలి.

"వంతెన దిగితే మిల్లు గేటు" అన్నాను.

రైట్ అనలేదు వాడు. వెనక్కి తిరిగితే స్టూలు ఖాళీ. వాడు నా ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా కళ్లజోడు బల్ల మీద ఉంది. ఎండ కాళ్ల మీంచి గోడెక్కింది.

నాతో ఆడుకుంటున్నార్రా అని కసిరాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"వంతెన మీదే ఆగిపోయావన్నా. ముప్పావుగంటైంది. భుజం కుదిపితే కళ్లు తెరిచి మళ్లీ మూశావు."

అబద్ధమనే అనుకున్నాను. టీ గ్లాసు ముట్టుకున్నాను. చల్లగా ఉంది. పైన మీగడ కట్టింది. పాపం, పక్కింటాయన తప్పేమీ లేదు.

"బస్సులో ఎంతమంది?" అని అడిగాను.

"మూడింటి ట్రిప్పు కదన్నా. బడి పిల్లలు. నిలబడ్డానికి కూడా చోటుండదు."

కాగితం తెమ్మన్నాను. మా ఆవిడ పెన్ను కూడా తెచ్చింది. పెట్టమంటే పెడతానంది. పెన్ను వద్దన్నాను. కాగితం నాలుగు మడతలు పెట్టి కండక్టరు జేబులో కుక్కి, డిపోలో ఇచ్చేయమన్నాను.

"కొత్త డ్రైవరుకి చెప్పు. వంతెన మీద ఎడమవైపు రెయిలింగు వంగి ఉంటుంది. కాస్త కుడికి పట్టుకోమను."