అవిసె నూనెకు రెండో సాక్షి

పొద్దున్నే కొట్టు తలుపులెత్తి గల్లాపెట్టె ముందు కూర్చున్న నూనె వర్తకుడి చూపు తన సరుకు మీద లేదు. రోడ్డుకు అవతలున్న కొట్టు మీద ఉంది. అక్కడ జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఇక్కడ ఈగలు ముసురుతున్నాయి.

రెండు కొట్లలోనూ అమ్మేది ఒకే గానుగ నుంచి వచ్చే అవిసె నూనె. సీసాలూ ఒకే రకం నల్ల సీసాలు. తేడా అంతా ఎదురుకొట్టాయన అద్దానికి అంటించిన పేపరు ముక్కలో ఉంది. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాల వల్ల క్యాన్సర్ గడ్డ కణాలు చనిపోవడం ప్రయోగశాలలో చూశారని వార్త. దాని కింద ఆయన ఎర్ర రంగుతో సొంత వాక్యం చేర్చాడు: "రోజుకు రెండు చెంచాలు. క్యాన్సర్ మీ గడప తొక్కదు."

"ఆ పేపరు మనింటికీ వస్తుంది కదే! నాకెందుకు తట్టలేదు?" అని వర్తకుడు భార్య దగ్గర వాపోయాడు.

"మీరు ధరల పేజీ దాటి చదివిందెప్పుడు?" అంది ఆమె.

జనం అటు పోవడం ఒక ఎత్తు. సొంత అక్క వంటింటి గట్టు మీద ఎదురుకొట్టు చీటీ ఉన్న సీసా కనబడటం ఇంకో ఎత్తు. కుళ్ళు పట్టలేక ఆ సీసా చేతిలోకి తీసుకున్నాడు.

"తమ్ముడి కొట్టు ముందునుంచే నడిచి వాడి దగ్గర కొన్నావా అక్కా?"

"నీ నూనె వంటకేననుకున్నానురా. అద్దం మీద ఏమీ రాయలేదుగా."

"రెండూ ఒకటే నూనె!"

"అయితే ఆ ముక్క నువ్వూ రాసుకో. నామీద ఎగురుతావేం?"

ఆమె ఎడమ చంక కింద చెయ్యి పెట్టి నొక్కుకుంటూనే మాట్లాడుతోంది. అతను చూడవలసింది ఆ చెయ్యి. చూసింది సీసా మీది చీటీ.

మర్నాడే బోర్డు రాయించాడు. ఎదుటివాడు రెండు చెంచాలన్నాడు కాబట్టి ఇతను మూడన్నాడు. వాడు రోగం రాదన్నాడు కాబట్టి ఇతను "ఉన్న గడ్డ కూడా కరుగుతుంది" అన్నాడు. కరుగుతుందో లేదో ఎవరినీ అడగలేదు. వాడి మాటను మించాలి, అంతే. నాలుగు రోజులు తిరక్కుండా ఎదురుకొట్టాయన "పూర్తిగా కరుగుతుంది" అని దిద్దుకున్నాడు. అక్క తన కొట్లో సీసా కొనుక్కెళ్ళిన రోజు మాత్రం వర్తకుడు రోడ్డు అవతలికి చూస్తూ మీసం దువ్వాడు. ఆ బేరం తనే గెలిచాననుకున్నాడు.

కొన్నాళ్ళకు అక్క నొప్పి ఓర్చుకోలేక ఆసుపత్రిలో చేరింది.

"రొమ్ములో గడ్డ బఠాణీ గింజంత ఉన్నప్పుడే తీసేద్దామన్నాను," అంది డాక్టరమ్మ వర్తకుడితో. "సరేనని రోజు కూడా పెట్టించుకుని, రాలేదు. ఇప్పుడు నిమ్మకాయంత అయింది. చంకలోకీ పాకింది."

అతనికి మతిపోయింది. "ఎందుకు మానేశావక్కా? మాకొక్క మాటైనా చెప్పలేదేం?"

"కరిగిపోయాక చెబుదామనుకున్నా. మీరిద్దరూ రాశారు కదరా."

"ఇద్దరెవరు?"

"నువ్వూ, ఎదురుకొట్టాయనా. ఆయనొక్కడే రాసినప్పుడు నేను పూర్తిగా నమ్మలేదు. సరుకు అమ్ముకునేవాడు ఎన్నైనా చెబుతాడు. అందుకే ఆపరేషనుకు ఒప్పుకున్నా. తర్వాత నువ్వూ అదే రాశావు. వాడు తెలుపంటే నువ్వు నలుపంటావు. అలాంటి మీకే ఒక మాట కుదిరిందంటే నిజమే అయ్యుంటుందనుకున్నా."

వర్తకుడు డాక్టరమ్మ వైపు తిరిగి, "పేపర్లో పడింది అబద్ధమా అమ్మా?" అన్నాడు.

"కాదు. మీరు నల్ల సీసాలు ఎందుకు వాడతారు?"

"వెలుతురూ గాలీ తగిలితే ఆ నూనె త్వరగా చెడిపోతుంది."

"ఆ కొవ్వు చేరిన గడ్డ కణం లోపల అలాంటి మార్పే జరిగితే ఆ కణం చావచ్చు. పరిశోధకులు గాజు పళ్ళెంలో కణాల మీద తిన్నగా పోసి చూశారు. నోట్లో పోసుకున్న చెంచాడు నూనె పొట్టనీ కాలేయాన్నీ దాటి గడ్డ దాకా ఎంత చేరుతుందో, చేరినా ఏం చేస్తుందో ఇంకా తేలలేదు. వెతుకుతున్నారు. వాళ్ళు వెతుకుతున్నదాన్ని మీరు దొరికిందని అమ్మేశారు."

అక్కకు ఆపరేషను అయింది. చెయ్యి ఇంకా సగమే లేస్తోంది. మందులు చాలాకాలం నడవాలి. అతను తన బోర్డు తీయించాడు.

మొదటి రోజే ఒకామె వచ్చింది. "మా ఆయనకు గొంతులో గడ్డ. కరిగించే నూనె మీ దగ్గరుందా?"

"కూరలో వేసి పెట్టండమ్మా, మంచిదే. గడ్డను కరిగిస్తుందని మాత్రం నేను చెప్పలేను."

ఆమె మొహం చిన్నబుచ్చుకుని రోడ్డు దాటింది. పాత మంట మళ్ళీ రేగింది. పోయిన బేరం వాడి గల్లాలో పడబోతోంది. ఆ మంటతోనే అతను లేచాడు. ఎన్నడూ తొక్కని ఎదురుకొట్టు మెట్లు ఎక్కి, జనం మధ్యనే ఆమెతో, "సీసా కొనుక్కోండి, ఆసుపత్రి మాత్రం మానకండి," అన్నాడు.

"నీ కొట్లో బేరాల్లేక నా బేరం చెడగొడుతున్నావా?" అని ఎదురుకొట్టాయన గయ్యిమన్నాడు. జనం కిసుక్కున నవ్వారు.

"నీమీద నాకు కుళ్ళే. ఇప్పటికీ ఉంది. ఆ కుళ్ళుతోనే నీ మాటకు ఇంకో మాట కలిపి రాశాను. మనిద్దరి మాటా ఒకటైందని మా అక్క ఆపరేషను మానేసింది. పోయి చూసిరా, మంచాన పడి ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. గొంతులో గడ్డ ఉన్నాయన భార్య తన చేతిలోని సీసాను బల్ల మీద పెట్టి, ఆసుపత్రి ఎటువైపని అడిగింది. ఎదురుకొట్టాయన తడిగుడ్డ తీసుకుని, పేపరు ముక్క అలాగే ఉంచి, కింద ఎర్ర రంగుతో రాసిన వాక్యాన్ని తుడవడం మొదలుపెట్టాడు.

అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ ఒకటే మనవి: ఆహారాన్ని ఆహారంగా చూడండి, రోగాన్ని వైద్యులకు చూపండి, ఎదుటివాడి లాభం చూసి ఓర్వలేక మనం పలికే అబద్ధం వాడిని ఓడించదు, వాడి అబద్ధానికే సాక్ష్యమై మన ఇంటి మనిషినే దెబ్బ తీస్తుంది.