చెమట గీత

ఆదివారం పొద్దున్నే శెనగపిండిలో మీగడ, పసుపు కలిపి గిన్నె అత్తయ్యకు అందించాలి. ఆమె మా ఏడేళ్ల చిన్నారిని పెరట్లో పీట మీద కూర్చోబెట్టి మెడ, మోచేతులు మంటపుట్టేదాకా రుద్దుతుంది. "నీ నలుపే దిగిందే పిల్లకి. రుద్దితే కాస్తన్నా పోయిద్దేమో," అంటుంది. ఆ మాటలో కోపం ఉండదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టే చెబుతుంది. మా ఆయన తిరుపతిరావు పేపరు చాటు నుంచి, "అమ్మ మంచికే చెప్పిద్ది గదా, నీకేంది బాధ?" అంటాడు. పిండి ఉండ కట్టకుండా కలపడం నా వంతు.

మిగతా రోజులు నరసరావుపేటలో ఒక కాలేజీ ల్యాబులో పని. అక్కడ జ్యోతిర్మయి మేడం మనుషుల రంగు చూసి మన మెదడు, ఒళ్లు ఎలా స్పందిస్తాయో కొలుస్తున్నారు. విదేశాల్లో ఇలాంటి పరీక్షలు జాతి వివక్ష మీద చేస్తారట. వచ్చినవాళ్ల తలకి తీగలున్న టోపీ పెట్టి, వేళ్లకి చెమటను పసిగట్టే పట్టీలు చుడతాం. తెరమీద తెల్లటి ముఖాలు, నల్లటి ముఖాలు వస్తూ పోతూ ఉంటాయి. పక్క కంప్యూటర్లో గీతలు నడుస్తాయి. జిడ్డు తల మీద టోపీ పనిచేయదు. నూనె రాసుకోకుండా రమ్మని ఫోన్లో ఎంత చెప్పినా అందరూ నున్నగా దువ్వుకునే వస్తారు. నూనె పెట్టకుండా గడప దాటడం మావాళ్లకి చేతకాదు. వాళ్ల తలలు రుద్ది కడగడమూ నా పనే.

ఒక సాయంత్రం, పరీక్షకి నాదెండ్ల నుంచి రావాల్సిన ఆవిడ రానందట, రేపు మీరు కూర్చోండి అన్నారు మేడం. నాకు భయమేసింది. బడి వదిలే వేళ గేటు దగ్గర నిలబడితే నా కళ్లు ముందుగా తెల్లటి పిల్లల మీదికే పోతాయి. ఆ వెనక చిన్నారి వస్తుంటే లోపల ఏదో బిగుసుకుంటుంది. అదేమిటో నేనెప్పుడూ తవ్వి చూడలేదు. నా కూతురి రంగంటే నాకే అసహ్యమా? ఆ సంగతి గీతలు బయటపెడితే ఇక దాని జడ ఏ చేత్తో వేయను?

మర్నాడు పొద్దున తలకి నూనె దట్టంగా పట్టించుకుని వెళ్లాను. అందరికీ వద్దని చెప్పే మనిషిని నేనే. మేడం నా తలవైపు చూశారు, నా ముఖం వైపు చూశారు. కోటు చేతులు పైకి మడుచుకుని నన్ను సింకు దగ్గర వంచి, షాంపూ వేసి తానే రుద్దడం మొదలుపెట్టారు. నీళ్లు వేడిగా ఉన్నాయా అని రెండుసార్లు అడిగారు. పెళ్లయ్యాక ఇంకొకరి వేళ్లు నా తలలో తిరగడం అదే మొదలు. కళ్లలో నీళ్లొస్తే నురగ పడిందన్నాను.

పరీక్ష అయ్యాక నా గీతలు చూపించమని పట్టుబట్టాను. ఒక్క మనిషి గీతలు చూసి ఏదీ తేల్చకూడదని, చాలామందివి కలిపితేనే లెక్కని ఆమె చెప్పారు. నేను కదల్లేదు. చివరికి తెర నావైపు తిప్పారు. నల్లటి ముఖం వచ్చిన చోటల్లా చెమట గీత లేచి ఉంది.

"అయితే నాకూ అసహ్యమే గదా మేడం. నా బిడ్డ రంగంటే నాకే..."

"ఎవరన్నారు? చేతికి చెమట పట్టిందనే ఈ గీత చెబుతుంది. ఎందుకు పట్టిందో దీనికి తెలీదు. అసహ్యమైనా ఇట్టాగే లేచిద్ది, భయమైనా ఇట్టాగే లేచిద్ది. ఆ ముఖాలు చూస్తుంటే మీకేం అనిపించింది?"

ఆలోచించాను. ప్రతి ముఖం వెనకా అత్తయ్య గొంతు వినపడింది. ఇప్పుడు ఈ పిల్లని ఎవరో ఏదో అంటారు, అనేలోపే అడ్డం పోవాలి, అనిపించింది. బడి గేటు దగ్గర బిగుసుకునేదీ అదే.

"ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని," అన్నాను.

మేడం తెర ఆపేశారు. "మరి అది అసహ్యమెట్టా అయిద్ది నాగమల్లేశ్వరీ?"

ఆ సాయంత్రం గేటు దగ్గర చిన్నారి పరిగెత్తుకొస్తుంటే గుండె మళ్లీ బిగిసింది. ఈసారి ఆ బిగువును చూసి భయపడలేదు. ఎన్నాళ్లుగానో కాపలా కాస్తున్న నా సొంత మనిషే కదా, అనుకున్నాను. దారంతా చిన్నారి జడ పట్టుకుని నడిచాను.

ఆదివారం వచ్చింది. పెరట్లో పీట వేసిన చప్పుడు.

"ఏమే, పిండి కలిపావా?"

"ఒంటికి రుద్దే పిండి ఇంక నేను కలపనత్తయ్యా. ఎవర్నీ కలపనివ్వను. ఇది బజ్జీలకి."

తిరుపతిరావు పేపరు కిందికి దిగింది. నేను బాణలిలో నూనె పోశాను. చిన్నారి వచ్చి గట్టు పక్కన నిలబడింది. కాసేపటికి పెరట్లో పీట గోడకి ఆనించిన చప్పుడైంది.

"వాము వెయ్యవే," అంది అత్తయ్య. "లేకపోతే పిల్లకి అరగదు."