తొమ్మిది రోజులు అడ్డంకేమీ లేదు

మా టీము లీడు మూడు రోజుల శిక్షణకి వెళ్ళి నాలుగో రోజు నవ్వుతూ తిరిగొచ్చింది. మా భయం అక్కడ మొదలైంది.

ఆవిడకి మేం పెట్టుకున్న పేరు కత్తెర. ఎవరి మాటనీ చివరిదాకా పోనిచ్చేది కాదు. "మేడమ్, ఆ తలుపు విషయం..." అనేలోపే "అయిందా, లేదా?" అని తెంపేసేది. ఆరేళ్ళు ఆ కత్తెర కిందే పనిచేశాం. ఒళ్ళు మండేది గాని, ఎక్కడ నిలబడ్డామో తెలిసేది. అలాంటి మనిషి నా బల్ల పక్కకి కుర్చీ లాక్కుని, తల కాస్త పక్కకి వంచి, "ఈ మధ్య నీకెలా ఉంది?" అంది.

"ఏది మేడమ్?"

"పని. నువ్వు. ఏదైనా."

"బానే ఉంది."

"బానే ఉందంటున్నావు," అని నా మాట నాకే అప్పజెప్పి ఊరుకుంది. ఆ ఊరుకోవడం కూడా అక్కడ నేర్పే ఉంటారు. ఆ ఖాళీ భరించలేక అవతలివాడు ఏదో ఒకటి వాగుతాడని. నేను వాగలేదు. నా దగ్గర వాగకూడని సంగతి ఒకటుంది. ముందురోజే బయటపడింది.

మేం లిఫ్టుల్ని నడిపే బోర్డులకి ప్రోగ్రాం రాస్తాం. మా గది మూలన లిఫ్టు లేని లిఫ్టు తలుపు ఒకటి చట్రంలో నిలబడి, పొద్దస్తమానం ఉత్త గోడ మీదికి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. పరీక్షలన్నీ దానిమీదే. తలుపుకి అడ్డంగా కంటికి కనబడని కిరణం పోతుంది. మనిషి అడ్డొస్తే కిరణం తెగి తలుపు ఆగాలి. దుమ్ము పడ్డా తెగుతుంది గనక, వరసగా ఇరవై సెకన్లు తెగి ఉంటే అది దుమ్మే అనుకుని మూసెయ్యమని రాస్తాం. ఒక మనిషి దాటిపోగానే ఆ లెక్క మళ్ళీ సున్నాకి రావాలి. నేను రాసినదాంట్లో రాదు. ఒకరి వెనక ఒకరు నెమ్మదిగా ఎక్కుతుంటే సెకన్లన్నీ కూడిపోయి, ఆఖరివాడి మీదికి తలుపు వచ్చేస్తుంది. ఆ ఆఖరివాడు స్ట్రెచర్ మీద ఉంటే మోచెయ్యి ఎక్కడుంటుందో మీరే ఊహించుకోండి.

ఆ ప్రోగ్రాం అప్పటికే ఒక చిన్న ఆసుపత్రిలో నడుస్తోంది. వచ్చేవారం కాక ఆపై వారం గురువారం ఇంకో పదకొండు చోట్లకి వెళ్ళాలి.

గప్‌చుప్‌గా సరిచెయ్యొచ్చుగా అంటారు. కుదరదు. బయటికి వెళ్ళినదాంట్లో ఒక్క అక్షరం కదపాలన్నా మార్పు చీటీ రాయాలి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, తప్పెవరిది. మూడు గళ్ళు. మూడో గడిలో పేరు రాసినవాళ్ళు ఇప్పటిదాకా ఇద్దరు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారో ఎవడికీ తెలీదు.

రోజూ తొమ్మిదిన్నరకి మేమంతా గుండ్రంగా నిలబడతాం. నిన్న ఏం చేశా, ఇవాళ ఏం చేస్తా, అడ్డంకేమైనా ఉందా. మూడో ప్రశ్నకి ఆరేళ్ళుగా ఒకటే జవాబు: అడ్డంకేమీ లేదు. మంటలంటుకున్నా అడ్డంకేమీ లేదు. నేనూ అదే చెప్పాను.

"కత్తెర నన్నేమందో తెలుసా?" అన్నాడు వైరింగు చూసే పెద్దాయన, మా అందరికీ బాబాయ్. "మీ అనుభవం మాకు చాలా ముఖ్యం అంది. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఇదివరకు ఒక్కసారే విన్నా. మా పాత కంపెనీకి తాళం పడిన రోజు."

"తీసేసేవాళ్ళ జాబితా తయారవుతోంది బాబాయ్."

"అవదూ మరి! మెత్తగా మాట్లాడి మన నోటితోనే మన పేరు చెప్పించుకుంటారు. నోరు కుట్టేసుకో."

కుట్టేసుకున్నాను. మెషీన్ అంతు చిక్కకపోతే మాలాంటివాళ్ళం ఏం చేస్తాం? అది చేసే ప్రతి పనీ గంటా నిమిషంతో సహా ఫైలుకెక్కించి, అందులో వరస వెతుకుతాం. కత్తెరకీ అదే చేశాను. తొమ్మిది రోజుల్లో "నీకెలా అనిపిస్తోంది" పదిహేడుసార్లు. నా మాట నాకే తిప్పి చెప్పడం ఇరవై రెండు. టీకి బయటికి తీసుకెళ్ళడం ఒకటి, పరీక్షలు చూసే అమ్మాయిని. మూడో రోజుకల్లా ఆ అమ్మాయి సీటు ఖాళీ. ఇంకేం కావాలి? టీ అంటే ఉద్వాసన. నాకు టీ పిలుపు రాకుండా చూసుకోవడమే మిగిలింది. సీసాలో నీళ్ళు ఇంటినుంచే తెచ్చుకుని, గ్లాసు కూడా ఎత్తకుండా కూర్చున్నాను.

తొమ్మిదో రోజు సాయంత్రం ఇంట్లో అక్కకి ఆ ఫైలు చూపించాను. నేనుండేది అక్కా బావల దగ్గర. అక్క ఓ కంపెనీలో కస్టమర్ల ఫోన్లు ఎత్తే పని పన్నెండేళ్ళుగా చేస్తోంది.

"మాకూ ఇదే నేర్పారు," అంది ఒక పేజీ చూసి. "మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ అనాలి. మనసులో మూడు లెక్కపెట్టాలి. తర్వాతే మాట్లాడాలి."

"చూశావా! నటనే."

"నటనేరా. రోజుకి ఎనభై మందికి అంటాను. డెబ్బై మంది దగ్గర ఉత్త మాటే. మిగతా పదిమంది దగ్గర మాత్రం, అంటూ ఉండగానే నిజంగా అర్థమైపోతుంది. ఆ పదిమంది ఎవరో ముందు తెలీదు."

"దాంతో నాకేంటి?"

"నీకు ఆ ఉత్త మాట కూడా రాదు కదరా! మొన్న మీ బావ జ్వరంతో మూలుగుతుంటే, థర్మామీటరు ఎంత చూపిస్తోందన్నావు. ఎలా ఉందన్నావా?"

"ఎంతో తెలిస్తే ఎలా ఉందో తెలుస్తుందిగా."

"నూట రెండు, బావమరిదీ!" అని లోపలి గదిలోంచి బావ అరిచాడు.

అక్క నవ్వలేదు. ఫైలు చివరిదాకా చూసింది. "ఆవిడ అడిగినవన్నీ రాశావు. నువ్వు చెప్పినవేవి?"

"నేనేమీ చెప్పలేదు."

"మరి ఇందులో ఆవిడ గురించి ఏం తెలుస్తుంది, నా బొంద! గోడతో మాట్లాడే మనిషి ఎవరైనా ఇలాగే కనిపిస్తారు."

అక్కకేం తెలుసు, అనుకున్నాను. దానికి మార్పు చీటీలు లేవు.

మర్నాడు పొద్దున గుండ్రంగా నిలబడగానే కత్తెర ఫోనులో చూసి చదివింది. "ఆసుపత్రి నుంచి. లిఫ్టు తలుపు ఒకావిడ భుజానికి తగిలిందిట. దెబ్బేం లేదన్నారు. దుమ్మయి ఉంటుంది, తుడవమని చెప్పాను."

చదువుతున్నంతసేపూ నావైపు చూడలేదు. అదే అనుమానం. అందరి మొహాలూ చూసి నా మొహం ఒక్కటే వదిలిందంటే, తెలిసే వదిలింది. నేనే నోరు జారాలని ఆగింది. జారితే మూడో గడి. జారకపోతే పడుకుని ఎక్కేవాడి మోచెయ్యి. బాబాయ్ నిన్న చేసినదీ ఇవాళ చేసేదీ చెప్పి, అడ్డంకేమీ లేదన్నాడు. నా వంతొచ్చింది.

"అది దుమ్ము కాదు మేడమ్. నేను రాసింది తప్పు. లెక్క సున్నాకి రావట్లేదు."

"ఎప్పట్నించి తెలుసు?" పాత గొంతు. తెంపినట్టు.

"మీరు శిక్షణ నుంచి రాకముందు రోజు నుంచి."

"తొమ్మిది రోజులు! రోజూ నీ పక్కన కూర్చుని అడిగాను కదయ్యా!"

"అందుకే చెప్పలేదు."

మూలన ఆ తలుపు ఒక్కటే తెరుచుకుని మూసుకుంది.

"అలా అడిగితే ఎవరో అడిగిస్తున్నట్టుంది మేడమ్. టీ తాగాక ఆ అమ్మాయి సీటు ఖాళీ అయింది."

"ఆ అమ్మాయా? వేరే విభాగానికి పంపమని రెండేళ్ళుగా అడగాలనుకుంటోందిట. అడగబోతే నేను మధ్యలోనే ఆపేసేదాన్నిట. టీ దగ్గర మొత్తం చెప్పింది, పంపించాను." ఆవిడ జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసింది. "అడిగించినట్టే ఉంటుంది. ఇదిగో, కాగితం మీద రాసుకునే వస్తున్నాను. ఏం అడగాలి, ఎక్కడ ఆగాలి. ఆరేళ్ళలో మీలో ఒక్కరు ఒక్క అడ్డంకి చెప్పలేదు, తప్పు నాదేనని పైవాళ్ళు శిక్షణకి పంపించారు."

"మరి జాబితా మాటేంటమ్మా?" అన్నాడు బాబాయ్.

"నాకు తెలీదండీ. ఉంటే అందులో నేనూ ఉండొచ్చు."

అది నిజమో, అదీ శిక్షణలో భాగమో తేల్చుకునే టైము లేదు. "గురువారం పంపేవి ఆపండి," అని బాబాయ్‌కి చెప్పి, "నువ్వు కారెక్కు," అంది నాతో.

ఆసుపత్రి మూడంతస్తులు, లిఫ్టు ఒక్కటే. స్విచ్చి కట్టేసి తాడు అడ్డంగా కట్టేలోపే పెద్ద నర్సు వచ్చి నిలబడింది. నేను మొదలుపెట్టాను. "కిరణం తెగి ఉన్న సమయం కూడుకుంటూ పోయి, ఇరవై దాటగానే..."

"ఎక్కొచ్చా, ఎక్కకూడదా?"

"ఎక్కకూడదండీ."

"ఎప్పటిదాకా?"

"నాలుగింటిదాకా."

"ఎవరి నిర్వాకం ఇది?"

కత్తెర వైపు చూశాను. ఎవరి మాటలోనైనా దూరిపోయే మనిషి, పెదవి కదపలేదు. నాకు దారి ఇస్తోందా, సాక్షి ముందు నాచేత తప్పు ఒప్పిస్తోందా? ఇప్పటికీ నాకు తెలీదు.

"నాదే. తెలిసీ తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు."

నర్సు కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంది. "తగిలింది నాకు కాబట్టి సరిపోయింది. పైన ఒక పెద్దాయన ఉన్నారు, తుంటి కట్టుతో. పదకొండింటికి కింద ఎక్స్‌రే. రండి ఇద్దరూ."

చేతుల కుర్చీలో పెద్దాయన్ని కూర్చోబెట్టి కట్టారు. వెనకవైపు నేను, ముందువైపు కత్తెర, ఆవిడ మెట్లకి వీపు పెట్టి వెనక్కి వెనక్కి దిగుతోంది. పెద్దాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండో మలుపు దగ్గర ఆవిడ జేబులో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. అంత పట్టుగా మా ఆఫీసులో పైవాళ్ళే చేస్తారు. సంగతి అప్పుడే వాళ్ళ దాకా వెళ్ళిందంటే ఎవరు చేరవేశారు? బాబాయా? కారెక్కేముందు ఈవిడేనా?

"ఎవరు మేడమ్?"

"మెట్టు చూసుకో," అంది.