ఎద్దుమూపు గుట్ట ఎక్కిన టైరు చెప్పు

నేను ఒక టైరు చెప్పును. ముక్కు ముడుచుకోకండి. షాపుల్లో అద్దాల వెనక లైట్ల కింద కూర్చునే జాతి కాదు నాది. నన్ను చూసి నవ్విన చెప్పులు చాలావరకు తెగిపోయాయి, నేను ఇంకా నడుస్తున్నాను. నాకు జతగా కుడికాలిది ఒకటి ఉంది. అది నెమ్మదస్తురాలు, మాట్లాడదు. అందుకే ఎడమకాలిదాన్నైన నేనే చెబుతున్నాను.

నా మొదటి బతుకు లారీ కింద గడిచింది. నాపరాళ్ళ లోడు మోస్తూ ఘాట్ రోడ్లు ఎక్కాను, దిగాను. ఒకరోజు పక్కభాగం పగిలింది. "ఇది ఇక దేనికీ పనికిరాదు" అని డ్రైవరు నన్ను తన్ని పడేశాడు. మనుషులతో ఇదే చిక్కు. ఒక పనికి కుదరకపోతే ఏ పనికీ కుదరదని తీర్పు చెప్పేస్తారు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే సాయిలు మాత్రం అలా అనుకోలేదు. కత్తిని నీళ్ళలో ముంచుతూ ముంచుతూ నన్ను కోశాడు. పొడికత్తికి రబ్బరు లొంగదు. పాత ట్యూబుతో పట్టీలు వేసి, మేకులు కొట్టి, నేలకేసి రెండు దెబ్బలు వేసి చూశాడు. నేను కిక్కురుమనలేదు.

నన్ను మొదట తొడుక్కున్నది గొర్రెలకాపరి బీరయ్య. ఎద్దుమూపు గుట్ట వెనకవైపు అతని ఊరు. దూరం నుంచి చూస్తే పడుకున్న ఎద్దు మూపులా ఉంటుంది గనక ఆ పేరు. ఆరేళ్ళు అతనితో ఆ గుట్ట మీద ముళ్ళు తొక్కాను. మోకాళ్ళు పట్టేశాక బీరయ్య నన్ను కూతురికిచ్చాడు.

"నీ కాలూ నా కాలూ ఒక్క తీరే ఉంటయి బిడ్డా, తొడుక్కో" అన్నాడు.

ఆ కూతురే భాగ్య. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. కొన్నాళ్ళు గొర్రెల వెంట తిరిగింది. తర్వాత గుట్టకు ముందువైపున్న ఊరికి కోడలుగా వచ్చింది. ఇప్పుడు కుట్టుషెడ్డులో పనిచేస్తుంది. భర్త పట్నంలో ఆటో నడుపుతూ నెలకోసారి వస్తాడు. పద్నాలుగు నెలల కూతురు పింకీ ఆమె ప్రాణం. రెండు నెలల కింద జ్వరం ఎక్కువై ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. "చిన్నపిల్లల్లో అప్పుడప్పుడు వస్తాయి, భయం లేదు" అన్నాడు డాక్టరు. భయం లేదని చెప్పినంత మాత్రాన భయం పోతుందా? ఆనాటి నుంచి భాగ్య పిల్లను గంటసేపు కూడా విడిచి ఉండలేదు. షెడ్డుకు తీసుకెళ్ళి మిషను పక్కనే పడుకోబెట్టుకునేది. రెండు బారల కుట్టుకోసారి లేచి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

పక్క మిషన్ల మీద కుట్టే రజిత, షాహీన్ ఒక ఆదివారం గుట్టెక్కుదామన్నారు. భాగ్య రానంది. రజిత ఊరుకోలేదు.

"ఒక్క పూటనే పోరీ. నువ్వు గిట్లనే కూసుంటే పిల్లకంటే ముందు నీకే ఫిట్స్ వస్తయి."

భాగ్యకూ మనసు లాగుతోంది. కానీ గుట్ట మీద ఫోను పలకదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. కొన మీది నుంచి అత్తగారి మిద్దె కనిపిస్తుంది. పిల్లకు ఏమైనా అయితే అత్త సత్తెమ్మ మిద్దె మీద ఎర్రగుడ్డ పరవాలి. అంతా బాగుంటే ఏమీ పరవద్దు. ఎర్రగుడ్డను మడతపెట్టి అత్త చేతిలో పెట్టింది.

సత్తెమ్మ దాన్ని సంచిలో కుక్కుతూ, "పో పో, సగం దాకా పోయి ఏడ్చుకుంట వస్తవు, నాకెర్క లేదా?" అంది.

ఆ మాట నాకే తగిలింది. ఇక భాగ్యకు తగలదా? పట్టీ బిగించుకుని గడప దాటింది.

దారి గుట్ట వెనకవైపు నుంచి. అక్కడ రజిత నన్ను చూసి పడీపడీ నవ్వింది.

"గియ్యేం చెప్పులే, మీ తాత కాలంనాటివా? లారీకి మళ్ళ బిగిస్తవా ఏంది?"

ఆమె కాళ్ళకు కొత్త బూట్లు, తెల్లగా మెరుస్తున్నాయి. షాహీన్ ఆ బూట్లను పైనుంచి కిందికి చూసి, "అరే, నడుస్తవా, లేకుంటే షోకేసుల పెట్టి మేం మొయ్యాల్నా?" అంది.

గుట్ట సగానికొచ్చేసరికి దారి నిలువయ్యింది. రాళ్ళ మీద కాలు పెడితే ఊడి కిందికి దొర్లుతున్నాయి. భాగ్య పది అడుగులకోసారి ఆగి వెనక్కి చూసేది. ఊరు ఇంకా కనిపించదు, అడ్డంగా గుట్టే ఉంది. "అత్త నిద్రపోయిందేమో? పిల్ల ఒళ్ళు వేడయితే చూసుకుంటదా?" అని గొణిగేది. మిగతా ఇద్దరూ ఇక తిరిగిపోదామనుకునేంతగా గొణిగింది. సరిగ్గా అప్పుడే రజిత కుడిబూటు నోరు తెరిచింది. అడుగు మొత్తం ఊడి, నాలుకలా వేలాడింది.

"ఓయమ్మా! కొత్తవే గివి!"

షాహీన్ నవ్వు ఆపుకోలేక రాయి మీద కూలబడింది. "ఇగ దిగుదాం పాండ్రి, అల్లా చెప్తుండు" అంది.

అప్పుడు భాగ్య అన్న మాటకు నేనే ఉలిక్కిపడ్డాను.

"దిగేది లేదు. మిద్దె చూడకుంట నేను దిగ."

భయమే ఆమెను పైకి తోసింది. తన చున్నీ చింపి రజిత బూటుకు చుట్టి ముడేసింది. చేయిచ్చి లాగింది. బండలు జారుతున్న చోట నేను పళ్ళు బిగించి పట్టుకున్నాను. లారీ కిందున్నప్పుడు కూడా అంత గట్టిగా నేలను పట్టలేదు.

కొన మీదికి చేరగానే రజిత, షాహీన్ గాలికి చేతులు చాపి కేకలు వేశారు. భాగ్య నేరుగా అంచుకు వెళ్ళి ఊరికేసి చూసింది. వేపచెట్టు, నీళ్ళ ట్యాంకు, పక్కన మిద్దె.

మిద్దె మీద ఎర్రగా పరిచి ఉంది.

ఆమె కాలివేళ్ళు నాలోకి ముడుచుకుపోయాయి. వెనకదారిన దిగితే రెండు గంటలు. ముందువైపు ఏటవాలు బండ, మేకలు తప్ప ఎవరూ దిగనిది.

"వద్దే, సస్తవు!" అని షాహీన్ అరిచింది. భాగ్య అప్పటికే బండ మీదుంది. వంగి, చేతులు ఆనించి, మడమలు పాతుతూ దిగింది. మిగతా ఇద్దరూ తిట్టుకుంటూ కూర్చుని జారుతూ వెనకే వచ్చారు. నా మడమ దగ్గరి మేకు ఒకటి ఊడిపోయింది. పోతే పోనీ అనుకున్నాను.

ఇంట్లోకి దూసుకుపోయేసరికి పింకీ పప్పన్నం మూతికంతా పూసుకుని కూర్చుంది. తల్లిని చూసి చప్పట్లు కొట్టింది.

సత్తెమ్మ బిత్తరపోయింది. "ఏమైందే, గట్ల ఉరికొస్తున్నవ్?"

"ఎర్రగుడ్డ ఎందుకు పరిచినవ్ అత్తా?"

"నేనెక్కడ పరిచిన? ఇగో, సంచిల్నే ఉన్నది."

భాగ్య మెట్లెక్కింది. మిద్దె నిండా మిరపపండ్లు. ఎండ బాగా కాస్తోందని సత్తెమ్మ కొత్త పంటంతా ఆరబోసింది. ఘాటుకు భాగ్య తుమ్మింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత అక్కడే కూలబడి నవ్వింది.

కింద సత్తెమ్మ మాత్రం నవ్వలేదు. "ఇందుకే చెప్పిన. పిల్లతల్లివి, ఇంట్ల ఉండాలె. అయిందా సోకు?"

"వచ్చే ఐతారం మళ్ళ పోత."

"ఏమున్నదే ఆడ?"

"ఏమున్నదో నేను చూడనేలే అత్తా. గంత పైకెక్కి నీ మిద్దెనే చూసొచ్చిన."

శనివారం రాత్రి భాగ్య నిద్రపోయాక సత్తెమ్మ మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళి ఊకబస్తాలో పూడ్చింది. చెప్పులు లేకపోతే కోడలు ఆగిపోతుందని ఆమె లెక్క. నా లెక్క కూడా అంతే, దాచుకోవడమెందుకు? గుట్ట ఎక్కింది నేనేనని వారమంతా గొప్పలు పోయాను.

ఆదివారం పొద్దున గడప దగ్గర భాగ్య గొంతు వినిపించింది.

"చెప్పులు కనబడ్తలేవు."

"నాకేం తెలుసు?"

ఆమె వెతకలేదు. అత్తను మళ్ళీ అడగనూ లేదు. "పింకీకి పది గంటలకు పాలు పట్టు" అని మాత్రం చెప్పింది. వట్టికాళ్ళు మట్టి మీద పడ్డ శబ్దం దూరమైంది. వీధి చివర రజిత కేక, ముగ్గురి నవ్వు.

ఊకలో ఉండి ఉడికిపోయాను. నేను లేకుండా పోతుందా? ఆ ముళ్ళ మీద, ఆ బండ మీద వట్టికాళ్ళతోనా? ఉడుకు తగ్గాక తెలిసొచ్చింది. గుట్ట ఎక్కింది ఆమే. నేను ఆమె కాలికి తగులుకుని వెళ్ళాను, అంతే.

ఎండ ఎక్కింది. బస్తా చిల్లులోంచి చూస్తే, సత్తెమ్మ పిల్లను చంకనేసుకుని వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. "వట్టికాళ్ళతోని పోయింది మొండిది" అని తనలో తానే అనుకుంది. ఆ రోజు మిరపపండ్లను మిద్దె ఎక్కించలేదు, వాకిట్లోనే చాప మీద పోసింది. కాసేపటికి ఊకబస్తా మూతి విప్పింది. మమ్మల్ని బయటికి లాగి, ఒకదానికొకటి కొట్టి ఊక దులిపింది. నా మడమ దగ్గర మేకు ఊడిన చోటు చూసింది. రోకలిబండ తెచ్చి, గోడకున్న పాత మేకు పీకి, అక్కడ దిగ్గొట్టింది. వంకరగానే దిగింది గానీ గట్టిగా దిగింది.

తర్వాత మమ్మల్ని గడప బయట పెట్టింది. చెప్పుల మొన ఇంటివైపు కాదు, వీధివైపు.