తుడిచిన మార్కులు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అత్తయ్య మధ్యమధ్య ఆగి, బల్ల మీద వేళ్ళతో అక్షరాలు నొక్కుతున్నారు. అక్కడ కీబోర్డు లేదు. ఉన్నట్టే అనుకుని సాధన చేస్తున్నారు.

"అమ్మాయ్, పెద్దక్షరం కావాలంటే రెండు మీటలు కలిపి నొక్కాలి కదూ?"

"అవునత్తయ్యా. ఒకటి అలాగే పట్టుకుని రెండోది నొక్కాలి."

"ఇన్నేళ్ళూ పిల్లల చేత దిద్దించాను. ఇప్పుడు నేను దిద్దుకుంటున్నా."

అత్తయ్య పనిచేసే బడిలోనే నేను టీచర్లకు కంప్యూటరు నేర్పుతున్నాను. నేర్చుకోలేనివాళ్ళని తరగతి నుంచి తప్పించి పుస్తకాల గోదాముకు పంపుతామని పైనుంచి ఆదేశం వచ్చింది. అక్కడ కట్టలు విప్పడం, కట్టలు కట్టడం. పిల్లలుండరు. అత్తయ్యకు ఇంక రెండేళ్ళే ఉద్యోగం ఉంది. ఆ రెండేళ్ళూ ఒకటో తరగతి గదిలోనే గడవాలని ఆవిడ కోరిక.

ఆవిడ మౌస్‌ని సుద్దముక్కలా మూడు వేళ్ళతో పట్టుకునేవారు. బాణం గుర్తు తెర అంచు దాటి కనబడకుండా పోతే, కింద పడిందేమోనన్నట్టు బల్ల కిందకు చూసేవారు.

"లోకంలో కోడలు అత్త చేతికింద ఉంటుంది. ఇక్కడ తిరగబడింది," అన్నారు డ్రిల్లు మాస్టారు. "ఇంటికెళ్ళాక కసి తీర్చుకుంటున్నారా మేడమ్?"

"వంట నాదే మాస్టారూ. అంతకన్నా ఏం తీర్చుకోను?" అన్నారు అత్తయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా.

పరీక్షగా, బడిలోని పిల్లలందరి మార్కులూ ఒకే ఫైల్లో ఎక్కించమన్నారు. జవాబు పత్రాలు అప్పటికే పిల్లలకు ఇచ్చేశారు, వాళ్ళకు సెలవులు కూడా మొదలయ్యాయి. ఎవరి తరగతి వాళ్ళు ఎక్కించి లేచారు. చివర కూర్చున్నది అత్తయ్య. హెడ్మాస్టరు పిలిస్తే నేను ఆయన గదికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ ఫ్యాను కట్టేసి, కుర్చీలు సర్ది, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అయిపోయింది. ఒక్క తప్పు లేదు, రెండుసార్లు చూసుకున్నా."

దారి పొడుగునా ఆవిడే మాట్లాడారు.

మర్నాడు హెడ్మాస్టరు ఫైలు తెరిస్తే ఖాళీ గళ్ళు కనబడ్డాయి. అందరూ వచ్చి వెనక నిలబడ్డారు.

"యంత్రం పాడా, మనిషి పొరపాటా?" అని హెడ్మాస్టరు నన్నడిగారు.

యంత్రాల పూచీ నాది. యంత్రమే అంటే నా ఉద్యోగం పోతుంది. కాదంటే అత్తయ్య తరగతి పోతుంది. నేను నోరు తెరిచేలోగా ఆవిడే ముందుకొచ్చారు.

"నేనే తుడిచానండీ."

"తుడవడమేమిటమ్మా?"

"పాఠం అయ్యాక బోర్డు తుడిచే కదండీ బయటికొస్తాం. పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నాక ఇంక బోర్డు మీద ఎందుకు? సేవ్ చేశాను. లోపల ఎక్కేసింది కదా అనుకున్నా. తర్వాత వచ్చేవాళ్ళకి శుభ్రంగా ఉండాలని మొత్తం తుడిచేశాను. మూసేటప్పుడు మళ్ళీ సేవ్ చెయ్యాలా అని అడిగింది. అడిగినప్పుడల్లా అవునని నొక్కమంది మా కోడలు."

ఎవరూ నవ్వలేదు. లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. ఇంకో నకలు దాచుకోవడం నేను తర్వాతి వారానికి పెట్టుకున్న పాఠం.

సాయంత్రానికల్లా గోదాము ఉత్తర్వు చేతికొచ్చింది.

"మెషీను పాడైందంటే సరిపోయేది కదమ్మా. అంత తొందరేమొచ్చింది?" అన్నారు మా ఆయన, కంచం ముందు కూర్చుని.

"అన్నం చల్లారిపోతోంది, తిను."

"రేపు నేను హెడ్మాస్టరుతో మాట్లాడతానత్తయ్యా," అన్నాను.

"నువ్వు మాట్లాడితే అత్త కోసం మాట్లాడిందంటారు. ఊరుకో."

ఆ తర్వాత ఆవిడ కంప్యూటరు ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వంటింట్లో ఇద్దరం ఒకరికొకరం తప్పుకుంటూ తిరిగాం.

సోమవారం నేను బడికి తయారయ్యేసరికి అత్తయ్య గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు. బడి దారీ గోదాము దారీ వీధి చివర విడిపోతాయి. అక్కడిదాకా కలిసి నడుద్దామనిపించింది.

"ఒక్క నిమిషం ఉండండత్తయ్యా, తాళం తీసుకుని వస్తా," అన్నాను.

ఆవిడ నా వైపు చూశారు. గేటు గడియ తీసి, బయటికెళ్ళి, చప్పుడు కాకుండా మళ్ళీ వేసి, నా కోసం ఆగకుండా గోదాము వైపు వెళ్ళిపోయారు.