నేను ఎత్తి రాసిన చీటీ

ముందు ఎనభై మందికి వంట, ఆనక గిన్నెలు, అవయ్యాక ప్రార్థన చీటీలు. మావారు ఈ మురికివాడ చర్చిలో సంఘ కాపరి. నేను ఆయన భార్యను, అంటే జీతం లేని తక్కిన ఉద్యోగులందరూ నేనే. పిల్లల ట్యూషన్ నాదే, ఆడవాళ్ల కుట్టు క్లాసూ నాదే. "మా ఆవిడకేం, ఇంట్లోనే ఉంటుంది" అంటారాయన వచ్చినవాళ్లతో. "దేవుడి పనికి అలుపేంటమ్మా?" అంటుంది మా అత్తగారు, కాళ్లు చాపుకుని.

చర్చి పెట్టెలో జనం వేసిన చీటీలన్నీ ఆయన కంటికి ఆనేలా పెద్ద అక్షరాల్లో ఎత్తి రాస్తాను. ఆదివారం ఆయన పైకి చదివితే అందరూ ప్రార్థిస్తారు. పదకొండేళ్లుగా ఇదే. చెయ్యి రాసుకుపోతుంది, నేనక్కడ ఉండను.

అందరికీ నేను అమ్మగారిని. కుట్టు క్లాసుకొచ్చే ఒకమ్మాయి మాత్రం అక్కా అంటుంది. ఆ వారం చీటీ వేసింది. 'మంగళవారం పిల్లలిద్దర్నీ తీసుకుని మా పెద్దమ్మ ఊరెళ్లిపోతున్నా. మా ఆయన చేతికి చిక్కకుండా ప్రార్థించండి.' జ్వరం, పరీక్ష, ఉద్యోగం, వాటి కింద ఇదీ ఎత్తి రాసేశాను.

మావారు గొంతు సవరించుకుని చదివారు. రెండో వరుసలో ఆ అమ్మాయి అత్త కూర్చుని ఉంది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

సోమవారం పొద్దున్నే చిట్లిన పెదవితో ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది. "రాసేది నువ్వే కదక్కా, చూసుకోలేదా?" నాకు ఏడుపు రాలేదు. రానందుకు భయమేసింది.

లోపల్నుంచి మావారు, "వాణ్ణీ రమ్మన్నాను. కూర్చోబెట్టి సర్ది చెబుదాం. నువ్వు టీ పెట్టు" అన్నారు.

"మొగుడూ పెళ్లాలన్నాక సవాలక్ష ఉంటాయి" అంది అత్తగారు.

నీళ్లు పెట్టాను. మరిగేదాకా చూసి స్టవ్ ఆపేశాను. "పిల్లలేరీ?" అన్నాను. వీధి చివర ఉన్నారంది. వెనక తలుపు తీశాను.

పెద్దమ్మ ఊరి సంగతి ఇప్పుడు వాడలో అందరికీ తెలుసు. నాకో అక్క ఉంది, దూరంగా. ఎన్నేళ్ల నుంచో రమ్మంటోంది. ఆదివారాలు కుదరక నేనే వెళ్లలేదు. మా అక్క ఊరి బస్సెక్కించి, పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచి పైన పెట్టాను.

"దిగక్కా, కదుల్తోంది. అయ్యగారు వెతుక్కుంటారు."

"టీ కోసమేలే" అన్నాను.

కండక్టర్ వచ్చి ఎంతమందని అడిగాడు.

"నలుగురం" అని, ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.