పెద్దంచు వైపు

మద్దిలేటికి సెలవు రోజు ఎలా గడపాలో తెలియదు. గద్వాలలో ఇరవై ఆరేళ్లుగా మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చునే మనిషి. పని లేకుంటే తన చేతులు తనకే బరువనిపిస్తాయి. "నాయినా, ఒక్క ఆదివారమన్నా అమ్మను యాడికన్న తీస్కపో" అని వనపర్తిలో డిగ్రీ చదివే కూతురు అర్చన నెల రోజులు ఫోన్లో పోరు పెడితే, చివరికి భార్య గీతతో కలిసి ధరూర్ దిక్కు పోయే షేర్ ఆటో ఎక్కాడు.

కృష్ణ నీళ్ల ఒడ్డున ఈమధ్యే పెద్ద బజారు కట్టారు. నీళ్లలోకి దిగే పొడవాటి రాతి మెట్లు, పైన వరసగా దుకాణాలు, ఆ చివర చేపలు వేయించి పెట్టే హోటళ్లు. జనం దాన్ని వాటర్‌ఫ్రంట్ అంటున్నారు. పొద్దున పదకొండు గంటలకే కార్లు, బైకులు నిలపడానికి జాగా లేదు.

గీత గాజుల దుకాణం ముందు ఆగింది, బొమ్మల దుకాణం ముందు ఆగింది, ఏమీ కొనలేదు. అతను రెండడుగులు వెనక నడిచాడు. ఇద్దరికీ పెద్దగా మాటలు లేవు. మగ్గం దగ్గర కూడా అంతే. వాళ్లు నేసే చీరకు నడుమ నూలు, రెండు అంచులూ పట్టు. అందుకే ఇద్దరు మనుషులు కావాలి. పెద్దంచు వైపు అతను, చిన్నంచు వైపు ఆమె. దారం మోసే నాడెను ఎవరిది వాళ్లు అటూఇటూ విసురుకుంటూ పోతుంటే మాటలతో పనేముంది? కానీ ఆరేళ్లుగా ఇంట్లోనూ ఆ మౌనమే నడుస్తోంది. అవసరమైనవే అడగడం, అడిగినవాటికే జవాబు చెప్పడం. ఇద్దరూ దానికి అలవాటుపడ్డారు.

ఆకలేసి ఒక హోటల్ బయట బల్ల దగ్గర కూర్చున్నారు. వేయించిన చేపలు, జొన్నరొట్టెలు చెప్పారు. గీత నీళ్లు తాగుతుంటే మద్దిలేటి చూపు పక్క బల్ల మీద పడి ఆగిపోయింది.

అక్కడ ఒకామె నిలబడి ఫోన్లో ఫోటోలు తీస్తోంది. ఒంటి మీద ఆవపువ్వు రంగు చీర. చింతపిక్క రంగు అంచు నిండా హంసలు. ఆ రంగుల జోడీ అతనికి తెలుసు. ఆమె నీళ్ల వైపు తిరిగినప్పుడు మోకాలి దగ్గర అంచు కనిపించింది. అక్కడ మూరెడు మేర హంసలు ఒకదాన్నొకటి నొక్కుకుని మెడలు సన్నగిల్లి ఉన్నాయి.

నేసిన చీరను మడతపెట్టి, నూలూ పట్టూ ఇచ్చి నేయించుకునే సేటు చేతికివ్వడమే గాని, అది ఎక్కడికి పోతుందో, ఎవరు కడతారో అతనికి ఏనాడూ తెలియదు. తన చేతి చీర ఒక మనిషి ఒంటి మీద నడవడం, గాలికి కొంగు ఎగరడం, చేపల నూనె పక్కనే దాని కుచ్చిళ్లు ఊగడం ఇదే మొదటిసారి చూడడం. కళ్లు తిప్పుకోవడం చేతకాలేదు.

"ఏం పెద్దమనిషీ, ఏంది గట్ల చూస్తున్నవ్?" ఆమె భర్త కుర్చీలోంచి లేచాడు.

మద్దిలేటి తడబడ్డాడు. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు.

గీత గ్లాసు కింద పెట్టి లేచింది. "సార్, జర ఆగుండ్రి. మా ఆయన మనిషిని చూస్తలేడు, చీరను చూస్తుండు. మేం నేసెటోళ్లం."

ఆ మాటకు చీర కట్టుకున్నామె నవ్వేసింది. "కూసో చంద్రశేఖర్, నువ్వొకనివి" అని భర్తను మందలించి దగ్గరికొచ్చింది. పేరు సుహాసిని అనీ, వనపర్తిలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాననీ చెప్పింది. "ఈ చీర నువ్వే నేసినవా అన్నా? ఎట్ల గుర్తుపట్టినవ్?"

"తప్పు పోయింది మేడం అందుట్ల. దాన్ని చూసి గుర్తుపట్టిన," అన్నాడు మద్దిలేటి తలొంచుకుని. "మోకాలి కాడ మూరెడంత అంచు లోపలికి గుంజుకపోయింది. ఆ దినం మా ఇంటామె పక్కన లేకుండె. మా తమ్ముడు కురుమూర్తి వచ్చి కూసున్నడు. వానికి అలవాటు లేదు గద, నాడె బిగలాగిండు."

"ఆరేండ్ల సంది కడుతున్న, నాకెప్పుడు కండ్లవడలే," అంది సుహాసిని వంగి చూసుకుంటూ.

గీత ముఖం మారింది. ఆ దినం అంటే ఏ దినమో ఆమెకు వేరే చెప్పనక్కరలేదు. ఐదో నెలలో కడుపు పోయి ఆమె దవాఖానలో పడుకుని ఉంది. మూడో రోజు పొద్దున, పెళ్లివాళ్లు తొందర పెడుతున్నారని సేటు కబురు పంపితే, ఇతను మంచం పక్కనుంచి లేచి మగ్గం మీదికి పోయాడు. ఆమె పోవద్దని అనలేదు. కానీ గోడకేసి తిరిగి పడుకుని, ఈయనకు చీరే ఎక్కువైందని మనసులో రాసిపెట్టుకుంది.

"ఒక్కసారి చూస్తనమ్మా," అని గీత కింద కూర్చుని అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. నేతగాళ్లు బట్టను కళ్లతో కాదు, వేళ్లతోనే ముందు చూస్తారు. బొటనవేలు నెమ్మదిగా హంసల మీద కదిలింది. ఒకచోట ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ఆగింది. తర్వాత లేచి, సుహాసినిని అడిగి, కొంగు మీదుగా పైనున్న చిన్నంచును కూడా పట్టి చూసింది.

"చిన్నంచు సాఫుగున్నది," అంది మొగుడి వైపు చూడకుండానే. "కురుమూర్తి చెయ్యి ఏం తప్పు పోలే. బిగలాగింది పెద్దంచుకు."

మద్దిలేటి బల్ల మీది గ్లాసును పక్కకు జరిపాడు.

"పెద్దంచు దిక్కు కూసునేది నువ్వు గదయ్యా."

సుహాసిని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏం జరిగిందో ఆమెకు తెలియదు, అయినా అడగలేదు. "అన్నా, మీ పేరు చెప్పుండ్రి. ఎవలన్న అడిగితే చెప్త," అంది. ఇద్దరి పేర్లూ విని, పైకి ఒకసారి అని చూసుకుని, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. చంద్రశేఖర్ మాత్రం కాసేపటికి తమ పళ్లెంలోంచి రెండు చేప ముక్కలు తెచ్చి మద్దిలేటి ముందు పెట్టాడు. "ఏమనుకోకన్నా," అన్నాడు. మద్దిలేటి తల ఊపాడు.

తిన్నాక ఇద్దరూ మెట్లు దిగి నీళ్లకు దగ్గరగా కూర్చున్నారు. పొద్దు వాలేదాకా నీళ్లనే చూశారు. అలలు మెట్ల రాళ్లకు తగిలి చప్పుడు చేస్తున్నాయి.

"కురుమూర్తి మీదెందుకు పెట్టినవ్?" అంది గీత.

"ఏం చెప్పాలె మరి? చెయ్యి నా మాట ఇనలేదని చెప్పాల్నా?" అతను తన అరచేతులు చూసుకున్నాడు. "నాడె పట్టుకుంటే ఒకటే వణుకుడు. ఇడిస్తే కింద పడుతదేమోనని బిగవట్టి గుంజిన. మూరెడు నేసేసరికి పొద్దు గూకింది. దవాఖానకొచ్చి చెప్దామంటే నువ్వు అటు మల్లి పండుకుంటివి. ఇగ ఏం చెప్పలేకపోయిన."

గీత చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఆ రోజు అతను తన పనిమీద తాను ఎప్పటిలాగే నేసుకున్నాడని ఆరేళ్లు నమ్మింది. ఆ నమ్మకంతోనే అన్నం వడ్డించింది, పక్కనే కూర్చుని నాడె విసిరింది. ఇప్పుడు వేళ్లకు తగిలిన ఆ బిగువు ఇంకా వేళ్ల మీదే ఉన్నట్టుంది. అతని మీద కోపం పోయిందా అంటే చెప్పలేకపోయింది. కానీ ఆ మంచం మీద తానొక్కతే లేదని మాత్రం తెలిసింది.

"ఆడపిల్లయితే శ్రావణి అని పెట్టాల్ననుకున్న," అంది ఉన్నట్టుండి.

"నాకు చెప్పలే."

"చెప్దామనుకునేలోపల్నే అంతా అయిపాయె."

మద్దిలేటి ఆ పేరును పైకే పలికాడు, మెల్లగా, ఒక్కసారి. గీత కళ్లు తుడుచుకుంది. పైన దుకాణాల్లో ఒక్కొక్కటే లైట్లు వేస్తున్నారు. అతను లేవబోతే ఆమె మోచేయి పట్టి ఆపింది.

"తొందరేంది? జర సేపు కూసుందాం," అంది.